తౌసికి తౌసి ఎవరు?

మొయెలాంగి పెద్ద చదువంతా ఒక తప్పుడు ప్రశ్నతో మొదలైంది. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచలేదు. సమోవా రాజధాని అపియాలో, కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఏటా మొదటి రోజునే పిల్లలకి చెప్పేది. వాళ్ళు నవ్వుతుంటే తానూ నవ్వేది. నవ్వడం అయ్యాక, "సరే, ఇక మీరు చెయ్యబోయే తప్పులేమిటో చూద్దాం" అని సుద్దముక్క అందుకునేది.

ఆ తప్పు జరిగేనాటికి ఆమెకి ఇరవై ఏడేళ్ళు. సమోవాలోని సవాయీ దీవిలో పుట్టి, స్కాలర్‌షిప్పు మీద ఆక్లండ్ వెళ్ళి, అక్కడ సమాజశాస్త్రంలో డాక్టరేటుకి చేరింది. ముసలితనంలో మనిషిని ఇంట్లో ఎవరు చూసుకుంటారన్నది ఆమె తీసుకున్న అంశం. ఇందులో పరిశోధించడానికి ఏముందని ఊళ్ళో అందరూ నవ్వారు. ముసలివాళ్ళని ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు, వాన పైనుంచి కిందికి పడుతుంది, ఇది తెలుసుకోవడానికి న్యూజిలాండ్ వాళ్ళు డబ్బులు కూడా ఇస్తున్నారా అని ఆశ్చర్యపోయారు.

ప్రశ్నలన్నీ తనే తయారు చేసుకుంది. వాటిలో ముఖ్యమైనది, "ఓ ఆయి లౌ తౌసి?" నిన్ను చూసుకునేది ఎవరు అని అడగాలన్నది ఆమె ఉద్దేశం. తౌసి అంటే సాకడం, కనిపెట్టుకుని ఉండడం. కానీ ఆ మాటకి సమోవాలో ఇంకో అర్థం కూడా ఉంది. ఊరి సభలో కర్ర పట్టుకుని నిలబడి మాట్లాడే వక్త ఉంటాడే, ఆయన భార్యని తౌసి అంటారు. అది ఆవిడ హోదా. ఊరంతా ఆవిడని ఆ మాటతోనే పిలుస్తారు. అంటే మొయెలాంగి పాపం ముసలి వక్తలందరినీ కూర్చోబెట్టి, "అయ్యా, మీ పెళ్ళాం ఎవరు?" అని అడుగుతోందన్నమాట.

తమాషా ఏమిటంటే ఆమె తండ్రే వక్త. ఆమె తల్లి సిలియాని ఊరంతా తౌసీ అనే పిలిచేది. పుట్టినప్పటి నుంచి చెవిలో పడుతున్న మాట. అయినా ఆరేళ్ళు ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులో పోట్లాడి, ఇంగ్లీషులో కలలు కన్న మనిషికి తట్టలేదు. దీపం కిందే చీకటి.

తట్టించినవాడు లొవాతా అనే ముసలి వక్త. ఇంట్లో చాప మీద బాసింపట్టు వేసుకుని, విసనకర్రతో ఈగలు తోలుకుంటూ ఆమె అడిగినవాటికి ఓపిగ్గా జవాబులు చెప్పాడు.

"నా తౌసి ఎవరో నీకు తెలీదా? సోలోనాయి."

"ఎన్నాళ్ళ నుంచి తాతా?"

"నా మీసం నల్లగా ఉన్నప్పట్నుంచీ."

"బాగా చూసుకుంటుందా?"

"నోటికి మూత లేదు గానీ చెయ్యి మంచిది. దాని చేతి కోకో లాంటిది ఈ దీవిలో లేదు."

"ఒకసారి పిలుస్తారా? ఆవిడతో కూడా మాట్లాడాలి."

ముసలాయన విసనకర్రని ఇంటి ముందుకి చూపించాడు. అక్కడ సున్నం కొట్టిన సమాధి, దాని మీద ప్లాస్టిక్ పూలు. "అదుగో. నువ్వే పిలువు. నేను పిలిస్తే పలకడం మానేసి చాలా కాలమైంది."

మొయెలాంగికి చెవులు వేడెక్కాయి. ఇంటికి వచ్చి అంతకుముందు రాసుకున్న జవాబులన్నీ తిరగేస్తే, వక్తలందరూ తమ భార్యల పేర్లే చెప్పారు. ఆమె అడిగిన భార్యలందరూ, "ఎవరేంటే పిచ్చిపిల్లా, తౌసిని నేనే కదా!" అని పకపకా నవ్వారు. అప్పుడు ఆ నవ్వులు చూసి, సవాయీలో ముసలమ్మలు ఎంత హుషారుగా ఉన్నారో అని ఆమె మురిసిపోయింది కూడా.

చిక్కేమిటంటే సగం ఫలితాలు అప్పటికే ఆక్లండ్ పంపేసింది. అక్కడ ఆమె గురువు డాక్టర్ విన్‌స్లో సంతోషం పట్టలేక ఆమె ఊరి పోస్టాఫీసుకి ఫోన్ చేశాడు.

"మగవాళ్ళలో నూటికి ఎనభై మందిని భార్యలే చూసుకుంటున్నారు! ఇంత స్పష్టమైన ఫలితం నేనింతవరకూ చూడలేదమ్మా. వెంటనే వ్యాసం రాసెయ్."

"తప్పు కూడా స్పష్టంగానే ఉంది సార్."

"ఎంత తప్పు?"

"ఆ భార్యల్లో కొందరు చచ్చిపోయారు సార్."

ఆయన, కింద చిన్న వివరణ ఒకటి పెడితే సరిపోతుందేమో ఆలోచించమన్నాడు. విశ్వవిద్యాలయాలకి ఈ గుణం ఒకటుంది. ఎంత పెద్ద బొక్కనయినా చిన్న అక్షరాలతో పూడ్చేయవచ్చని వాటి నమ్మకం.

మొయెలాంగి ఒప్పుకోలేదు. స్కాలర్‌షిప్పు గడువు దాటిపోతుందని తెలిసీ, వెళ్ళిన ఇళ్ళకే మళ్ళీ వెళ్ళి మొదటి నుంచీ అడిగింది. ఈసారి తౌసి అన్న మాట ఎత్తలేదు. పొద్దున లేవగానే మీకు మంచినీళ్ళు ఎవరిస్తారు, జ్వరం వస్తే పక్కన ఎవరు కూర్చుంటారు, వీపు ఎవరు రుద్దుతారు అని అడిగింది. మగవాళ్ళు టకటకా చెప్పారు. భార్య, కోడలు, మనవరాలు, ఒకరు కాకపోతే ఒకరు. ముసలి భార్యల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రశ్న చాప మీద పడి అక్కడే ఉండిపోయేది. వాళ్ళు అటూ ఇటూ చూసేవాళ్ళు. చివరికి చాలామంది ఒకే జవాబు చెప్పారు. దేవుడు.

విన్‌స్లో ఆ జవాబుల్ని "ఇతరులు" అనే గడిలో వెయ్యమన్నాడు.

"దేవుణ్ణి ఇతరుల్లో వేస్తే మా పాస్టరు నన్ను ఊళ్ళో బతకనివ్వడు సార్" అంది మొయెలాంగి.

నవ్వుతూనే అంది గానీ, ఆ ముసలమ్మల ముఖాలు ఆమెని వదల్లేదు. జీవితమంతా ఇంకొకరిని చూసుకోవడమే పేరుగా మోసినవాళ్ళు. తమని చూసుకునేది ఎవరంటే ఒక్క మనిషి పేరు నోటికి రాలేదు. తౌసికి తౌసి ఎవరు? ఆమె డాక్టరేటు గ్రంథానికి ఇదే పేరు పెట్టింది. స్కాలర్‌షిప్పు ఆగిపోతే ఆక్లండ్‌లో ఆఫీసులు తుడిచి మరీ పూర్తి చేసింది. తప్పుడు ప్రశ్న ఆమెకి అసలు ప్రశ్నని దొరికించింది.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. అపియాలో ఉద్యోగం, పుస్తకాలు, సువాలో సభలు, బ్రిస్బేన్‌లో ఉపన్యాసాలు. టోంగా నుంచి, కిరిబాసు నుంచి పిల్లలు ఆమె దగ్గర పరిశోధన చెయ్యడానికి వచ్చేవాళ్ళు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక సభ అడ్డం వచ్చింది, కొన్నాళ్ళకి మాట రావడమే మానేసింది. ఊళ్ళో ఆమెకి ముసలోళ్ళ డాక్టరు అని పేరు స్థిరపడిపోయింది. సెలవులకి వెళితే చాలు, మోకాళ్ళు పట్టుకుని నలుగురు వచ్చి కూర్చునేవాళ్ళు. "నేను ఆ డాక్టర్ని కాదు పెద్దమ్మా" అంటే, "ఇంత చదివి మోకాలు కూడా రాదా?" అని ముక్కున వేలేసుకునేవాళ్ళు. చివరికి ఆమె నొప్పి నూనె సీసాలు సంచిలో పెట్టుకుని వెళ్ళడం అలవాటు చేసుకుంది.

ఆమె రాసినవాటిలో అందరూ చదివిందీ, అందరికీ కోపం తెప్పించిందీ ఒక వ్యాసం. సమోవాలో అక్కాచెల్లెళ్ళంటే అన్నదమ్ములకి పవిత్రం. తోబుట్టువుకి ముందు పీట, మొదటి ముద్ద, ఆఖరి మాట. ఇది పాతకాలం నాటి ఒడంబడిక. సభల్లో దీని గురించి పెద్దలు ఉపన్యాసాలు దంచుతారు. గౌరవం కూడు పెట్టదని మొయెలాంగి రాసింది. ముసలితనంలో, మంచాన పడ్డ రోజున, ఆ ఒడంబడిక ఏ ఆడదాని వీపూ రుద్దలేదని లెక్కలతో చూపించింది. పెద్దలు గింజుకున్నారు. ఎదురు చెప్పడానికి మాత్రం ఎవరి దగ్గరా లెక్కలు లేవు.

ఆమెకి యాభై ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఆయన మంచాన ఉన్నన్నాళ్ళూ చేసింది తల్లే. అప్పటికి సిలియాకి డెబ్బై ఎనిమిది. ఆయన్ని లేపి కూర్చోబెట్టడానికి తన నడుముకే గుడ్డ బిగించి కట్టుకునేది. అంత్యక్రియలయ్యాక వక్త బిరుదు మొయెలాంగి తమ్ముడు ఇయాకోపోకి వచ్చింది. దాంతో ఇయాకోపో భార్య సుసిత తౌసి అయింది. పెద్దల భార్యలు కూర్చునే మహిళా సంఘం సమావేశానికి సిలియా అలవాటుగా వెళ్ళి తన చోట కూర్చుంది. ఒక్క క్షణం ఆగి, లేచి, అందరికంటే వెనక్కి జరిగి, అక్కడ కూర్చుంది. మొయెలాంగి అది చూసింది.

ఆ రోజే ఇంట్లో మాట పుట్టింది.

"అమ్మ నాతో వస్తుంది" అంది మొయెలాంగి. "అపియాలో గది కట్టించాను. స్నానాల గదిలో పట్టుకోడానికి కడ్డీలు కూడా పెట్టించాను."

"అమ్మ ఎక్కడికీ రాదక్కా. నాన్న ఇక్కడే ఉన్నాడు" అని ఇయాకోపో ఇంటి ముందున్న కొత్త సమాధి చూపించాడు. "అమ్మని పంపించేస్తే జనం నన్నేమంటారు?"

"జనం సంగతి నువ్వు చూసుకో. అమ్మ సంగతి నేను చూసుకుంటాను."

అక్క మీద గొంతు పెంచడం తమ్ముడికి తగని పని. ఇయాకోపో లేచి బయటికి వెళ్ళి పందుల మీద అరిచాడు. "పొద్దస్తమానం తినడం, పెద్ద పెద్ద మాటలు మాట్లాడ్డం! పట్నం పందులు!" అని అరిచాడు. ఆ దొడ్లో పట్నం పందులేమీ లేవు.

సిలియా కొబ్బరి కోరుతూ ఇద్దరి మాటా విన్నది. కోరడం అయ్యాక చేతులు కడుక్కుని, "ఇద్దరికీ అయిందా? నేను ఆమోసా దగ్గరికి పోతున్నా" అంది.

ఆమోసా ఆవిడ తమ్ముడు. ఉత్తర తీరంలో, లావా బండలు దాటాక వచ్చే ఊళ్ళో, ఆవిడ పుట్టింట్లో ఉంటాడు. డెబ్బై దాటినవాడు, ఒక కాలు సరిగా నడవదు.

"మామయ్యకే ఒకరు చెయ్యి ఆసరా ఇవ్వాలమ్మా!"

"అయితే ఒకర్నొకరం పట్టుకుంటాం."

"అక్కడ నీకు ఏదైనా అయితే?"

"వాడు నా తమ్ముడే" అంది సిలియా. ఆ వారమే చాప చుట్టుకుని, బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మొయెలాంగి రచ్చంతా గెలిచి వచ్చింది, ఇంట్లో తల్లి చెయ్యి జారిపోయింది. ఊరి జనం ఊరుకుంటారా? "ముసలోళ్ళ డాక్టరు వాళ్ళమ్మని బస్సెక్కించిందట" అన్నారు. అపియాలో తోటి ప్రొఫెసరు ఒకాయన తేనీళ్ళ వేళ, "మీ వ్యాసం మీ అమ్మగారు చదవలేదా?" అని మెత్తగా అడిగాడు. మొయెలాంగికి ఆ ఎకసెక్కెం కంటే లోపల ఉన్న భయం పెద్దది. పుట్టింటికి తిరిగి వెళ్ళిన విధవలు ఏమవుతారో ఆమెకి తెలుసు, లేదా తెలుసనుకుంది. కొన్నాళ్ళు తమ్ముడి భార్య నవ్వుతుంది, తర్వాత గిన్నెలు చప్పుడు చేస్తుంది. తల్లి నోరు తెరిచి అడిగే రకం కాదు. ఆకలేసినా నీళ్ళు తాగి పడుకుంటుంది. తల్లి చివరి రోజులు అలా గడిస్తే తను బతికిందంతా దండగే. కాలేజీ సెలవులివ్వగానే పికప్ బండిలో పరుపు వేసుకుని, పడవ మీద సవాయీకి దాటించుకుని, తల్లిని తెచ్చేసుకోవాలని బయల్దేరింది. దారిలో తమ్ముడి ఇల్లు వచ్చింది. ఆగలేదు.

ఆమోసా ఇల్లు దూరం నుంచే వినిపించింది. గోడల్లేని ఆ ఇంటి ముందు వరసలో, పెద్దలు ఆనుకుని కూర్చునే గుంజకి వీపు ఆనించి సిలియా కూర్చుని ఉంది. కాళ్ళ మీద పల్చటి చాప కప్పుకుని పేకాట ఆడుతోంది. చుట్టూ ముగ్గురు తెల్లజుట్టు ఆడవాళ్ళు, అందరూ ఆ ఊళ్ళో పుట్టి, భర్తలు పోయి తిరిగొచ్చినవాళ్ళే. ఊరి ఆడపడుచులు.

"ఆ రాజు నీ దగ్గరికెట్లా వచ్చాడే సిలీ? ఇందాక నా దగ్గరుంటే!"

"నీతో కాపురం చెయ్యలేక వచ్చాడు" అని సిలియా ముక్కని చాప మీద ఫెళ్ళున కొట్టింది.

నలుగురూ విరగబడి నవ్వారు. మొయెలాంగి ఇంటి అంచునే నిలబడిపోయింది. తన తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వడం ఆమె అంతవరకూ చూడలేదు. పేకాటలో దొంగాట ఆడుతుందని కూడా తెలీదు.

వెనక నుంచి ఆమోసా కుంటుకుంటూ వచ్చాడు. లుంగీ పైకి ఎగ్గట్టి, ముఖమంతా మసి, చేతిలో పళ్ళెం. రాళ్ళ పొయ్యిలో కాల్చిన సీమపనస, కొబ్బరిపాలు పోసి ఉడికించిన తారో అనే చేమ ఆకు. పళ్ళెం మొదట అక్క ముందు పెట్టాడు. తర్వాత మొయెలాంగిని చూసి, "కూర్చో అమ్మాయ్, అక్కడ కాదు, మీ అమ్మ పక్కన" అని రెండో పళ్ళెం కోసం వెనక్కి తిరిగాడు. ఆమె లేచి అందుకోబోతే, "మా అక్క కూతురు ఈ ఇంట్లో పని చేస్తే నేను ఊళ్ళో తల ఎత్తుకోగలనా? కూర్చో!" అని కసిరి, పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అత్తయ్య ఏది మామయ్యా?" గిన్నెల చప్పుడు కోసం చెవులు రిక్కించే ఉంది మొయెలాంగి.

"పునీయా? వాళ్ళ తమ్ముడింటికి పోయింది. మీ అమ్మ గుంజకానుకుని కూర్చోడం కొన్నాళ్ళు చూసింది. ఓ పొద్దున మూట కట్టుకుని, నాకూ ఉన్నాడొక తమ్ముడు అంది. ఏం చెప్పను? పండక్కి వస్తుందిలే."

"మరి వంటా పనీ?"

"కాలు కుంటిది గానీ చేతులు కుంటివి కావుగా! కొడుకులున్నారు. తిను, చల్లారిపోతుంది."

మొయెలాంగి తినలేకపోయింది. "అమ్మని తీసుకెళ్దామని వచ్చాను మామయ్యా."

"నన్నడుగుతావేం? ఇక్కడ ఆవిడ మాటే మాట. వస్తానంటే తీసుకుపో." ఆమోసా గొంతులో కోపం లేదు గానీ, అక్క ముందు నిలబడడం ఇష్టం లేనట్టు వెనక్కి వెళ్ళిపోయాడు. ముగ్గురు ఆడపడుచులు ముక్కల వైపు చూస్తూ చెవులు మాత్రం ఇటే పెట్టారు.

"గది ఖాళీగా ఉందమ్మా."

"తెలుసు. మంచి గది. కడ్డీలు మెరుస్తున్నాయి. ఆ గదిలో నేను చెయ్యాల్సిన పనేంటో చెప్పు? చావడం ఒక్కటేగా."

"అలా అనకమ్మా."

"కోప్పడకే. మీ నాన్న ఊళ్ళో ముసలిదాన్నయిపోయా. అన్నేళ్ళలో నన్నెవరూ సిలియా అని పిలవలేదు. తౌసీ ఇటు రా, తౌసీ అది తే. మంచివాళ్ళే, నేనేం బాధపళ్ళేదు. మీ నాన్న పోయాక ఆ పేరు సుసితకి పోయింది. న్యాయమే. ఇక నన్నేమని పిలవాలో అక్కడెవరికీ తోచలేదు. ఇక్కడ బస్సు దిగానో లేదో, అదిగో ఆ ముసల్ది, ఒసేవ్ సిలీ అని కేకేసింది. నా మోకాలి నొప్పి సగం పోయింది."

"అది ఇంకా ఆ కేక మర్చిపోలేదు" అని ఆ ముసల్దే పక్క నుంచి మూలిగింది.

మొయెలాంగి తల దించుకుంది. ఆమె మనసులో అప్పుడు తిరుగుతున్నది తల్లి కాదు, సవాయీ, ఉపోలూ దీవుల ఊళ్ళల్లో తను కలిసిన ముసలి భార్యలు. వాళ్ళందరినీ అత్తగారి ఊళ్ళల్లోనే కలిసింది. రెండోసారి వెళ్ళినప్పుడు కొందరు కనిపించేవాళ్ళు కాదు. భర్త పోయాడు, పుట్టింటికి వెళ్ళిపోయిందని చెప్పేవాళ్ళు. ఊరు విడిచినవాళ్ళని లెక్కలోంచి తీసెయ్యడం పరిశోధనలో మామూలే. ఆమె కూడా తీసేసింది. ముప్ఫై ఏళ్ళ పాటు ఒక్కరి వెనకా బస్సెక్కి వెళ్ళి, వాళ్ళు ఎక్కడ కూర్చున్నారో చూడలేదు. వాళ్ళలో కొందరికి గిన్నెల చప్పుళ్ళే మిగిలి ఉండొచ్చు. కొందరు గుంజకానుకుని పేకాట ఆడుతూ ఉండొచ్చు. తనకి తెలీదు. తెలీకుండానే తెలుసని రాసింది.

"నేను తప్పు రాశానమ్మా" అంది.

"ఏం రాశావో నాకు తెలీదు. ఆ పుస్తకాలు నాకు అర్థమయ్యి చచ్చాయా?" సిలియా ముక్కలు కింద పెట్టి కూతురి చెయ్యి పట్టుకుంది. "నువ్వు అడిగింది మాత్రం గుర్తుంది. అప్పట్లో నన్ను కూడా అడిగావు. నిన్నెవరు చూసుకుంటారమ్మా అని. మీ నాన్న పక్కనే ఉన్నాడని మాట మార్చా. ఆ తర్వాత ఎన్నాళ్ళు ఆలోచించానో తెలుసా? ఎవరూ గుర్తు రాలేదు. చానాళ్ళకి, తోటలో తారో తవ్వుతుంటే, ఉన్నట్టుండి ఆమోసా గుర్తొచ్చాడు. ఇక దిగుల్లేదు అనుకున్నా. నువ్వు అడక్కపోతే నేను తలుచుకునేదాన్నా పిచ్చిదానా? మా అమ్మ తలుచుకోలేదు. అలాగే పోయింది."

మొయెలాంగి ఏడ్చింది. ముగ్గురు ముసలమ్మలు చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు. ఎన్ని సభల్లో ఎంతమంది చప్పట్లు కొట్టారో ఆమెకి లెక్క లేదు. ఆ చప్పట్లన్నీ ఒక పక్కన పెట్టినా ఈ మాట ముందు తేలికే.

"జబ్బు చేస్తే?" అని చివరికి ముక్కు తుడుచుకుంటూ అడిగింది. ఎంతైనా సమాజశాస్త్రవేత్త.

"చేస్తే నీకే ఫోన్ చేస్తాం" అన్నాడు ఆమోసా, మూడో పళ్ళెంతో వస్తూ. "నువ్వు మోకాళ్ళ డాక్టరువి గదా!"

పరుపు అక్కడే దించేసి, రెండు రోజులుండి, మొయెలాంగి ఒక్కతే బయల్దేరింది. ఎక్కబోతుంటే సిలియా బండి దాకా వచ్చి, "తమ్ముడింటికి పోయి అన్నం తిని వెళ్ళు" అంది. అది సలహా కాదు.

తమ్ముడి ఇంటి ముందు బండి ఆపేసరికి ఇయాకోపో లేచి నిలబడ్డాడు. తల్లి వెళ్ళినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మొయెలాంగి ఎప్పటిలాగే వెనక వైపుకి, సుసిత తారో చెక్కు తీస్తున్న చోటికి నడవబోయింది.

"అక్కడ కాదక్కా. ఇక్కడ" అని ఇయాకోపో ముందు గుంజ చూపించాడు. తానే వెళ్ళి కోకో తెచ్చాడు. కప్పు ఆమె చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మ ఎట్లా ఉంది?"

"పేకాటలో మోసం చేస్తోంది."

ఇయాకోపో నవ్వబోయి, నవ్వలేక ముఖం తిప్పుకున్నాడు. "అమ్మని తరిమేశానంటున్నారు జనం."

"నన్నూ అదే అంటున్నారు."

"అయితే చెరి సగం పంచుకుందాం." కాసేపు చాప అంచు గిల్లుతూ కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు. "ఉద్యోగం అయిపోయాక ఆ అపియాలో ఒక్కదానివే ఏం చేస్తావక్కా? గది కట్టావు, కడ్డీలు పెట్టావు, సరే. ఎవరితో పోట్లాడతావు? ఈ గుంజ నీది. నాన్న పోయాక కూడా ఎవర్నీ ఆననివ్వలేదు. నువ్వడగలేదని నేను చెప్పలేదు."

ఊరూరా తిరిగి అందరినీ అడిగిన మనిషి ఆ ఒక్క ప్రశ్న తనకి తాను ఎప్పుడూ వేసుకోలేదు. కోకో వేడిగా ఉందని వంక పెట్టుకుని ఆగి ఆగి తాగింది. గుంజకి వీపు ఆనించాక తెలిసింది, తను ఎంత అలిసిపోయి ఉందో.

అప్పుడామె కళ్ళు సుసిత మీద పడ్డాయి. ఇంటి వెనక పీట మీద, వంచిన తల ఎత్తకుండా, చెక్కు తీస్తూనే ఉంది. ఇప్పుడు ఊరంతా ఆవిడనే తౌసీ అని పిలుస్తుంది. ఇయాకోపో ముసలివాడవుతాడు, మంచాన పడతాడు. ఆవిడ కూడా ఒకనాడు నడుముకి గుడ్డ బిగిస్తుంది. మొయెలాంగి నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"సుసితా, నీకు అన్నదమ్ములెంతమంది?"

సుసిత తల ఎత్తి అనుమానంగా చూసింది. "ఎందుకు వదినా?"

"ఊరికే. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు."

"నలుగురు" అంది సుసిత. కత్తి పక్కన పెట్టింది. లుంగీకి చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా ముందుకి వచ్చి, చాప మీద కూర్చుంది. "పెద్దోడు ఫాఅవే. నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకుపొయ్యేవాడు. ఇప్పటికీ పడవలు చేస్తాడు..."

చెబుతుంటే ఆవిడ ముఖం చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. ఇయాకోపో భార్య వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత లేచి, ఆవిడకి కూడా కోకో తేవడానికి వెనక్కి వెళ్ళాడు.